సేద్యం చేసేవాడి పేరు రాయించండి

ఉభయ గోదావరి జిల్లాల 34 మంది శాసనసభ్యులకు,

జిల్లాలు విడిపోయాక మీలో కొందరు కోనసీమ వారయ్యారు, కొందరు కాకినాడ వారు, కొందరు ఏలూరు వారు. మా లెక్కలో మాత్రం మీరింకా తూర్పు 19, పడమర 15, వెరసి 34 మందే. 2024 ఎన్నికల్లో ఈ 34 సీట్లూ కూటమికే ఇచ్చాం. ప్రతిపక్షానికి ఒక్కటంటే ఒక్కటి దక్కలేదు. దాంతో ఒక చిక్కు వచ్చిపడింది. శాసనసభలో డెల్టా తరఫున ప్రభుత్వాన్ని నిలదీయడానికి ఎదుటి బల్లల మీద మా మనిషి ఎవరూ లేరు. అడిగితే మీరే అడగాలి. మీ మంత్రిని, మీ ముఖ్యమంత్రిని అడగాలి. అధికార పక్షంలో ఉండి ప్రశ్న వేయడం ఎంత ఇబ్బందో ఊహించగలను. అయినా ఈసారి తప్పదు.

అడగాల్సింది ఒక్కటే. కౌలు రైతుకి కార్డు ఇవ్వాలంటే భూమి యజమాని సంతకం కావాలన్న షరతు తీసేయాలి. చేలో ఎవరున్నారో విచారించి ఆ పేరు రాసే చట్టం తేవాలి. అది కూడా సార్వా కౌళ్ళు కుదిరేలోపు, అంటే ఈ బడ్జెట్ సమావేశాల్లోనే. ఎండలు ముదిరాక చట్టం చేస్తే ఇంకో ఏడాది గోదాట్లో కలిసినట్టే.

నేనెవరో చెప్పాలి. కౌలు రైతును కాను, రైతు సంఘం నాయకుణ్ణీ కాను. కోనసీమలో మా అమ్మ పేరున రెండెకరాల మాగాణి ఉంది. నాన్న పోయాక అమ్మ కాకినాడలో నా దగ్గరే ఉంటోంది. పొలం మా ఊరి కుటుంబం ఒకటి కౌలుకి చేస్తోంది. కాబట్టి ఈ వ్యవహారంలో నేను యజమాని వైపు మనిషిని. యజమాని సంతకం అక్కర్లేదని యజమాని ఇంటివాడే అంటున్నాడని గమనించమని మనవి.

2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ తొలి విడత విడుదలైంది. రాష్ట్రం వాటా 5,000, పీఎం కిసాన్ కింద కేంద్రం వాటా 2,000. దాదాపు 47 లక్షల ఖాతాల్లో పడ్డాయన్నారు. అమ్మ ఫోనుకీ మెసేజీ వచ్చింది. కళ్ళజోడు వెతుక్కుని రెండుసార్లు చదివించుకుని, "ఊడ్పులు వాళ్ళవైతే డబ్బులు నాకేశారేంట్రా?" అంది. పాసుపుస్తకం నీ పేరున ఉంది కాబట్టి అన్నాను. "పాసుపుస్తకం ఊడ్చిందా చేను?" అని ఆ ఏడు వేలూ మా కౌల్దారుకి పంపించేసింది. అది మా ఇంటి సంగతి. ఊళ్ళో అందరూ అలా పంపరు, పంపాలని రూలు కూడా లేదు. యజమాని మంచివాడైతే సాయం అందుతుంది, కాకపోతే లేదు అంటే అది ధర్మం మీద నడిచే వ్యవహారం. ప్రభుత్వ పథకం అలా నడవకూడదు.

సొంత భూమి లేని కౌలు రైతుకీ ఏడాదికి 20 వేలు ఇస్తామన్న మాట ఉంది. కాదనను. గత ప్రభుత్వం 13,500 రైతు భరోసాలో కౌలు రైతుని చేర్చినా ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకే ఇచ్చింది. మిగతా కులాల కౌలుదార్లు చేలో లేనట్టే లెక్క వేసింది. ఇప్పటి మాట అంతకంటే మెరుగు. కానీ మాట చేతికి రావాలంటే కార్డుండాలి, ఈ-క్రాప్ పంట నమోదులో పేరుండాలి. ఆ కార్డుకి యజమాని సంతకం కావాలి. తిరిగి తిరిగి అక్కడికే వస్తాం.

మా కౌల్దారు లెక్క ఒకసారి చూడండి. మీలో చాలామందికి పొలాలున్నాయి, తెలియనిదేమీ కాదు. ఎకరానికి ఏడాదికి 30 బస్తాల మక్తా. మంచి ఏడాదైతే సార్వాలో 28 బస్తాలు, దాళ్వాలో 40 అవుతాయి. మొత్తం 68. కౌలు పోగా చేతికి మిగిలేది 38. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు. మన 75 కిలోల బస్తాకి లెక్కిస్తే 1,777. అన్ని బస్తాలూ ఆ ధరకే పోయాయనుకుంటే 67 వేల చిల్లర. దుక్కి, నారు, ఊడ్పు, ఎరువు, పురుగుమందు, కోత మిషను కలిపి పంటకి 30 వేలకి తక్కువ కావడం లేదు. రెండు పంటలకి 60 వేలు తీసేస్తే ఎకరానికి ఏడాదికి ఏడున్నర వేలు. ఇందులో ఆ మొగుడూ పెళ్ళాల రెక్కల కష్టానికి కూలి కట్టలేదు. అప్పుకి వడ్డీ కట్టలేదు. సార్వాలో గాలివాన రాలేదనీ అనుకున్నాం.

మద్దతు ధర మొత్తంగా వస్తేనే ఆ ఏడున్నర వేలు. మిషనుతో కోసిన ధాన్యం పచ్చిగా ఉంటుంది, కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. ఆరబెట్టడానికి కళ్ళాలు లేవు. తారు రోడ్డు మీద బరకాలు పరిచి, రాత్రి మంచుకి కప్పి, పొద్దున్నే మళ్ళీ విప్పి, పక్కనే మంచం వేసుకుని కాపలా పడుకోవాలి. అన్నీ చేసినా అమ్మకానికి ఈ-క్రాప్‌లో తన పేరుండాలి. యజమాని పేరుంటే డబ్బు యజమాని ఖాతాకి పోతుంది. ఎరువుకి అప్పిచ్చిన షావుకారు మాత్రం పేర్లడగడు. చేలోనే కాటా పెట్టి, బస్తాకి వంద తగ్గించి పట్టుకుపోతాడు. 38 బస్తాలకి వంద చొప్పున 3,800. మిగిలిన దాంట్లో సగం అక్కడే పోయింది. ఈ ప్రభుత్వం రాగానే వెనకటి ధాన్యం బకాయిలు 1,674 కోట్లు తీర్చింది. మంచి పనే, ఎవరూ కాదనరు. అయితే ఆ బకాయిలు అందినవాళ్ళు తమ పేరుతో ధాన్యం అమ్ముకోగలిగినవాళ్ళు. షావుకారుకి పోసినవాడికి రావలసిన బకాయి ఏ రిజిస్టరులోనూ లేదు.

అప్పు సంగతి. బ్యాంకులో పంట రుణం మూడు లక్షల దాకా 7 శాతానికి, గడువులో కడితే 4 శాతానికి పడుతుంది. బయట నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24. అమ్మ ఒక ఏడాది కార్డు కోసం సంతకం పెట్టింది. మావాడు ఆ కార్డు పట్టుకుని ఒక బ్యాంకుకి వెళితే, హామీదారుని తీసుకురమ్మన్నారు. రెండు లక్షల దాకా వ్యవసాయ రుణాలకి తాకట్టూ హామీలూ అడగవద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుంచి నియమం పెట్టింది. ఆ సంగతి కౌంటరు అవతల ఉన్నవాళ్ళకి తెలియదో, కౌలు రైతుకి వర్తించదనుకున్నారో. మావాడు వాదించలేదు. బ్యాంకుకి పోయిన రోజు కూలి పోయిందని మాత్రం లెక్క చెప్పాడు. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వేలో వ్యవసాయ కుటుంబాల అప్పు దేశంలోకెల్లా మన రాష్ట్రంలోనే ఎక్కువ. సగటున ఇంటికి 2 లక్షల 45 వేలు, నూటికి 93 ఇళ్ళు అప్పులో ఉన్నాయి. కౌలుసేద్యం వాటాలోనూ అదే సర్వేలో మనదే మొదటి స్థానం. ఈ రెండు మొదటి స్థానాలూ ఒకే రాష్ట్రానికి ఊరికే రాలేదని నా అభిప్రాయం.

యజమానులు ఎందుకు సంతకం పెట్టరో చెబుతాను. ఈ విషయం మీకు అధికారుల నివేదికల్లో దొరకదు. అమ్మ సంతకం పెట్టబోతోందని తెలిసి మా బంధువుల దగ్గర్నుంచి వరసగా ఫోన్లు. "వదినా, కాగితమ్మీద వాడి పేరెక్కితే భూమి నీది కాదు." "రేపు అమ్ముకుందామంటే లేవడు." "ఫలానా ఊళ్ళో ఇలాగే కోర్టుకి పోయారు." ఎవరూ దుర్మార్గులు కారు. 1956 నాటి కౌలుదారీ చట్టం భయం మూడు తరాలుగా ఇళ్ళల్లో వారసత్వంగా వస్తోంది. దానికి తోడు భూహక్కుల చట్టం గొడవ. ఆ చట్టం మీద జనానికి ఎంత గుబులుందో 2024 ఎన్నికల ప్రచారంలో మీరే ఊరూరా చెప్పారు, గెలిచాక సభలో రద్దు చేశారు. భూమి కాగితం అంటే మనిషికి ఎంత బెదురో మీకంటే ఎవరికి తెలుసు? ఆ బెదురు పోయేదాకా కౌల్దారు ఆగాలంటే వాడి మనవడి కాలం కూడా చాలదు.

పైగా 2019 పంట సాగుదారు హక్కుల చట్టంలో యజమాని భయపడాల్సిందేమీ లేదు. ఒప్పందం 11 నెలలే. భూమి హక్కు మీద ఈగ వాలదని స్పష్టంగా ఉంది. చట్టం చేసినవాళ్ళ ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ తాళం తీసుకెళ్ళి భయపడేవాడి చేతిలో పెట్టారు. అంతకుముందు 2011 చట్టంలో యజమాని సంతకం తప్పనిసరి కాదు. ఊళ్ళో విచారించి రుణ అర్హత కార్డులిచ్చేవారు. అప్పట్లోనూ కార్డున్న వాళ్ళందరికీ అప్పులు పుట్టలేదు, నిజమే. ఆ లోపం బ్యాంకుల దగ్గర ఉంది, దాన్ని సరిచేయకుండా సంతకం షరతు తెచ్చి కార్డుకే ఎసరు పెట్టారు. సంతకం లేని కొత్త చట్టం తెస్తామని ఈ ప్రభుత్వం వచ్చినప్పట్నుంచీ వింటున్నాం.

చేలో ఎవరున్నారో కనుక్కోవడం బ్రహ్మవిద్య కాదు. పక్క చేను రైతుకి తెలుసు, నీటి సంఘంలో తెలుసు, ఎరువుల కొట్లో తెలుసు. రైతు సేవా కేంద్రంలో పనిచేసే కుర్రాడు ఫోనుతో చేను ఫొటో తీసి ఈ-క్రాప్‌లో ఎక్కిస్తున్నాడు, అతనికీ తెలుసు. గ్రామసభలో పేర్లు చదివి, యజమానికి అభ్యంతరం చెప్పుకోవడానికి కొద్ది రోజుల గడువిచ్చి, అభ్యంతరం చెప్పేవాళ్ళు మరి సేద్యం ఎవరు చేస్తున్నారో కూడా రాసివ్వాలంటే చాలు. ఉత్తుత్తి అభ్యంతరాలు అక్కడే రాలిపోతాయి. యజమాని హక్కుకి రక్షణ, కౌల్దారుకి అప్పు, బీమా, నష్టపరిహారం రెండూ కలిపి కుదురుతాయని నీతి ఆయోగ్ కోసం టి. హక్ కమిటీ 2016లోనే నమూనా చట్టం రాసిచ్చింది. ఢిల్లీ అనుమతి కోసం చూడక్కర్లేదు. భూమి, కౌలు సంబంధాలు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోవి. మీ చేతిలో పని.

ఒక్క కాగితానికి ఇంత రాద్ధాంతమా అని ఎవరైనా అనవచ్చు. మొంథా తుఫాను 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటింది. సార్వా పైరు ఈనిక మీద, పాలు పోసుకునే దశలో ఉన్న సమయం. తెల్లారేసరికి చేలు చాపల్లా పడున్నాయి. నష్టం రాయడానికి వచ్చినవాళ్ళు చూసేది జాబితాలో పేరు. పేరు యజమానిదైతే పరిహారం యజమానికి. కుటుంబ పెద్ద అప్పుల బాధతో ప్రాణం తీసుకుంటే ఇంకా ఘోరం. రైతు ఆత్మహత్యలకి సాయం ఇవ్వడానికి 2004లో 421 నంబరు జీవో తెచ్చినప్పటి నుంచీ ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ ఏడీ విచారిస్తారు. పోయినవాడు రైతేనని ఆ ఇల్లాలు వాళ్ళ ముందు రుజువు చేసుకోవాలి. యజమాని తన చేతికి మట్టి అంటకుండా "కౌలా? ఏం కౌలు?" అంటే ఆమె ఏ కాగితం చూపిస్తుంది?

ఈ ప్రశ్న అడిగిన నాయకుడు మీలోనే ఉన్నారు. 2022లో కౌలు రైతు భరోసా యాత్ర చేసి, ఆత్మహత్య చేసుకున్న కౌలు రైతుల కుటుంబాలకి ఇంటికి లక్ష రూపాయల చొప్పున ఇచ్చిన పవన్ కల్యాణ్ గారు ఇప్పుడు పిఠాపురం శాసనసభ్యులు, ఉప ముఖ్యమంత్రి. ఆ లక్ష ఆయన పార్టీ సొమ్ము, ఆయన సహృదయం. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్నారు, చేయగలిగింది చేశారు. ఇప్పుడు చెక్కు రాయనక్కర్లేదు. మంత్రివర్గంలో ఒక బిల్లు ముందుకు జరిపితే చాలు. మిగతా 33 మందీ ఆయనకి ఆ యాత్రని గుర్తు చేస్తే బాగుంటుంది.

తిండి గింజల మాట కూడా ఇందులోనే ఉంది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టారు. 2013లో జాతీయ ఆహార భద్రత చట్టం వచ్చింది. మనిషికి నెలకి అయిదు కిలోలు హక్కు అయింది, 2023 నుంచి ఉచితం. ఆ హక్కు నెరవేరాలంటే ఎవరో ఒకరు వడ్లు పండించాలి. క్వింటాలు వడ్లు మరపడితే 67 కిలోల బియ్యం ఇవ్వాలని ప్రభుత్వం మిల్లరుతో లెక్క కట్టుకుంటుంది. ఆ క్వింటాలు పండించినవాడి లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. మా కౌల్దారు ఇంట్లో వండుకునేది చౌక బియ్యం. తన చేలో పండిన స్వర్ణ కౌలు కిందో అప్పు కిందో పోతుంది. ఆ స్వర్ణ 1982లో మన మార్టేరు పరిశోధనా కేంద్రం ఇచ్చిన రకం. ఒడిశా, బెంగాల్ దాకా జనం దాన్నే పండించి తిన్నారు. ఇంత చేసిన నేలలో నాట్లు వేసేవాడు రేషన్ డిపో ముందు సంచీతో నిలబడుతున్నాడు. నిలబడ్డం తప్పని కాదు, అది అతని హక్కే. కానీ ఇలా ఎన్నాళ్ళు నిలబడతాడు?

ఎన్నాళ్ళో 2011లో ఒకసారి కోనసీమ చూపించింది. గిట్టుబాటు లేదని, మురుగు కాలవలు పూడిపోయాయని, కూలీలు దొరకడం లేదని సార్వా మానేశారు. పంట విరామం అన్నారు. వేల ఎకరాలు గడ్డి మొలిచాయి. ప్రభుత్వం కంగారుపడి మోహన్ కందా కమిటీ వేసింది. ఈసారి అంత చప్పుడుతో జరగదు. కౌల్దార్లు ఒక్కొక్కరే పొలం వదిలేసి హైదరాబాదులో వాచ్‌మన్ పనికో, గల్ఫుకో వెళ్ళిపోతారు. పొలం చేసేవాడు దొరక్కపోతే యజమాని చేపల చెరువు తవ్విస్తాడు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఏం జరిగిందో చూస్తూనే ఉన్నారు. చెరువు కౌలు వరి కౌలుని ఎప్పుడో మించిపోయింది. ఒకసారి చెరువైన మాగాణి మళ్ళీ వరికి రావడం కష్టం.

మీ ఇబ్బంది నాకు తెలుసు. ప్రతి ఊళ్ళోనూ మీ జెండా మోసేవాడు, ఓటర్ల జాబితా పట్టుకుని తిరిగేవాడు, ఎన్నికల నాడు బండ్లు పెట్టేవాడు భూమి ఉన్నవాడే. అతనికి కోపం తెప్పించే బిల్లు మీకు ఖరీదు. కానీ ఇదే జిల్లాల్లో జమీందార్ల హవా నడిచిన రోజుల్లో, మద్రాసు ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రిగా ఉంటూనే ప్రకాశం పంతులు గారు ఎస్టేట్ల కమిటీకి అధ్యక్షత వహించారు. భూమి మీద హక్కు రైతుదేనని, జమీందారు శిస్తు వసూలు చేసేవాడేనని 1938లో నివేదిక ఇచ్చారు. చట్టం కావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. ఆయన అడిగింది హక్కు. నేను మిమ్మల్ని అడిగేది అందులో పరక వంతు కూడా కాదు. భూమి యజమానిదే, ఉండనివ్వండి. పంట ఎవరిదో రాయండి, అంతే.

సభలో ఏం అడగాలో మీకు నేను నేర్పక్కర్లేదు గానీ, ఊళ్ళో మేం తెలుసుకోవాలనుకుంటున్నవి ఇవి. మీ నియోజకవర్గంలో ఈ ఏడాది ఎన్ని కౌలు కార్డులిచ్చారు, వాటిలో ఎన్నింటికి బ్యాంకు అప్పిచ్చింది, ఎంత? మొంథా పరిహారంలో కౌల్దార్ల పేరున పడింది ఎంత? కొన్న ధాన్యంలో కౌల్దారు ఖాతాకి జమ అయిన మొత్తం ఎంత? సంతకం అక్కర్లేని బిల్లు ఏ దశలో ఉంది, ఎప్పుడు ప్రవేశపెడతారు? నక్షత్ర గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి లేచి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ వేయవచ్చు. జవాబులో హామీ ఉంటే దాన్ని వెంటాడటానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. బిల్లు రాకపోతే మీలో ఒకరు అనధికార బిల్లు ఇవ్వవచ్చు. అధికార పక్ష సభ్యుడు ఇస్తే నెగ్గకపోయినా చర్చకి దారి తీయవచ్చు.

బ్యాంకుల మాట కూడా మరిచిపోకండి. జిల్లా సమీక్షల్లో బ్యాంకర్లు కలెక్టరు పక్కన కూర్చుని పంట రుణాల లక్ష్యం నూరు శాతం దాటామని చెబుతారు. అందులో కౌలు రైతుకి ఎంత అని ఒక్కసారి అడగండి. కాగితాలు తిరగేసే చప్పుడు వినిపిస్తుంది.

మీరు ప్రశ్న వేస్తే దాని నంబరూ తేదీ మీ ఫేస్‌బుక్ పేజీల్లో పెట్టండి. శుభాకాంక్షల ఫ్లెక్సీల ఫొటోలు కొన్ని తగ్గినా ఫరవాలేదు. మంత్రి గారి జవాబు వచ్చాక అచ్చు తీయించి, మా ఊరి రైతు సేవా కేంద్రం గోడకి నేనే అంటిస్తాను. వేయని నియోజకవర్గాల పేర్లు కూడా ఆ పక్కనే రాసి పెడతాను.

ఇట్లు,
కోనసీమలో రెండెకరాలు కౌలుకిచ్చిన ఇల్లాలి కొడుకు